కొలపాత్ర లేని కొలత



గతమాసమున ఈ శీర్షికలో జీవకణమును ఒక గృహముతో పోల్చి వ్రాసితిని. ఆ గృహమున వంటయిల్లు కలదనియు, సామానులకొట్టు కలదనియు, చెత్తను తీసివేయు ఏర్పాటు కూడ కలదనియు చెప్పితిని. అది చదివి యొక సోదరి నాకు జాబు వ్రాసినది. "అమ్మా, ఇంటికి ఎన్ని గదులు కావలెనో మేస్త్రీతో చెప్పి కట్టించుకొందుము. ఎసటిలో ఎంత బియ్యము పోయవలెనో సోలతో కొలిచి పోయుదుము. కణమునకు కన్నులు లేవు, చేతులు లేవు, సోల లేదు. తనలోని వస్తువులు ఎన్ని యుండవలెనో, ఒక్కొక్కటి ఎంతవరకు పెరుగవలెనో దానికెవరు చెప్పుదురు?" అని ఆమె అడిగినది.

ఈ జాబును నేను చాల దినములు పెట్టెలో దాచుకొంటిని. ప్రశ్న చిన్నదిగానే కనబడుచున్నది గాని, అది శాస్త్రజ్ఞులను నూరేండ్లకు పైగా ఆలోచింపజేయుచున్న ప్రశ్న. నేను వెనుదీయుటకు వేరొక కారణము కూడ కలదు. మా యక్కగారి సంసారమున కలిగిన పెద్ద కష్టమునకు ఈ విషయముతో దగ్గర సంబంధము కలదు. ఆ సంగతి చివర చెప్పెదను.

చిన్నతనమున మా తండ్రిగారు నాచేత భాగవతము చదివించుచు, వామనచరిత్రము వచ్చినప్పుడు, "హద్దు లేక పెరుగుట దేవునికే చెల్లును. తక్కిన ప్రాణులన్నిటికిని హద్దు కలదమ్మా" అనెడివారు. ఆ హద్దును గీయువారెవరని నేను అప్పుడు అడుగలేదు. ఇప్పుడు ఈ సోదరి అడిగినది.

మొదట పొడవు సంగతి చూతము. చెరువులలోను, తడినేలలయందును క్లామిడోమోనాస్ అను పచ్చని సూక్ష్మజీవి కలదు. దాని దేహమంతయు ఒక్కటే కణము. మిల్లీమీటరులో వేయవవంతును మైక్రాను అందురు. ఈ జీవి వెడల్పు సుమారు 10 మైక్రానులు. అనగా నూరు జీవులను వరుసగా పేర్చినచో ఒక మిల్లీమీటరగును. మావారు బాలురకు చూపుటకై పాఠశాలలో అమర్చిన సూక్ష్మదర్శినిలో ఒకనాడు నేనును చెరువునీటి చుక్కను చూచితిని. ఆవగింజలో ముక్కంతయు లేని పచ్చని చుక్కలు, ఏదో తొందరపని యున్నట్లు అటునిటు పరుగిడుచుండెను.

క్లామిడోమోనాసు అట్లు ఈదుటకు సాధనములు దాని ముందుభాగమున నుండు రెండు సన్నని తోకలు. వీనిని కశాభములందురు. ఈతగాడు రెండుచేతులతో నీటిని వెనుకకు త్రోసినట్లు ఇది కశాభములతో త్రోయును. ఒక్కొక్కటి సుమారు 10 మొదలు 12 మైక్రానుల పొడవుండును. రెండును సమానము. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయినచో ఆ జీవి తిన్నగా పోజాలదు గదా.

జోయెల్ రోజెన్‌బామ్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును ఈ కశాభములతో చేసిన ప్రయోగములను 1969వ సంవత్సరమున ప్రకటించిరి. రెండు కశాభములను తీసివేసినచో ఆ జీవి చావదు. వెంటనే క్రొత్తవానిని పెంచుకొన నారంభించును. మొదట వేగముగాను, తరువాత మెల్లగాను పెరిగి, సుమారు రెండు గంటలలో పూర్వపు పొడవునకు వచ్చి అవి నిలిచిపోవును. క్రొత్త మాంసకృత్తులు తయారు కాకుండ మందు వేసి ఆపినను, కశాభములు ఇంచుమించు సగము పొడవువరకు పెరుగును. అనగా ఆపత్తునకై కణము కొంత సరకును ముందుగనే నిలువ చేసికొనియున్నదన్నమాట. పండుగకు చుట్టములు వత్తురని పిండి విసరి యుంచుకొను ఇల్లాలికి ఇది వింతగా తోచదు.

ఇంతకంటె వింత వేరొకటి కలదు. రెండింటిలో ఒక్కదానిని మాత్రము తెంచినచో ఏమగును? తెగినది పెరుగుననియు, తెగనిది తన మానాన నుండుననియు మన మనుకొందుము. అట్లు జరుగలేదు. తెగినది పెరుగుచుండగా, తెగని కశాభము కుదియనారంభించెను. రెండును సమానమగువరకు ఒకటి తగ్గుచు, ఒకటి పెరుగుచు వచ్చెను. సమానమైన పిమ్మట రెండును కలసి పూర్వపు పొడవునకు పెరిగెను. పంక్తిలో ఆలస్యముగా వచ్చి కూర్చున్న తమ్మునికి అన్న తన విస్తరిలోని బూరెను తీసి పెట్టినట్లున్నది ఈ వ్యవహారము.

ఇది ఎట్లు సాధ్యమైనది? దీనికి జవాబు 1993వ సంవత్సరమున యేల్ విశ్వవిద్యాలయమున దొరకినది. రోజెన్‌బామ్ ప్రయోగశాలలో కీత్ కొజ్మిన్‌స్కీ అను విద్యార్థి కశాభములను మేలైన సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండగా, వాని లోపల చిన్న చిన్న మూటలు మొదలునుండి కొనకును, కొననుండి మొదటికిని ఎడతెగక సాగుట కనబడెను. కశాభము నిలుకడగా నున్నట్లు కనబడును గాని, దాని కొనయందు కట్టడము నిరంతరము విడిపోవుచుండును. నిరంతరము క్రొత్త సరకు వచ్చి చేరుచుండును. నిన్నటి కశాభమే నేడు నున్నట్లు తోచును గాని, దాని కొన నిన్నటిది కాదు.

ఈ సంగతిని ఆధారముగా గొని వాలెస్ మార్షల్ అను నాతడును రోజెన్‌బామును 2001వ సంవత్సరమున ఒక వివరణము నిచ్చిరి. దానిని మన వాగుగట్టు సామ్యముతో చెప్పెదను. వాగులోనికి ఒక మట్టిగట్టు వేయుచున్నారనుకొనుడు. పదిమంది కూలీలు తట్టలతో మట్టి మోయుచున్నారు. వాగు గట్టు కొనను గంటకింతయని ఒకే తీరున కోసివేయుచున్నది. గట్టు పొట్టిగా నున్నప్పుడు కూలీలు తొందరగా పోయి వత్తురు. కోతకంటె చేర్పు ఎక్కువ. గట్టు పొడవైనకొలది వారి నడక పెరుగును. గంటకు పోయు తట్టలు తగ్గును. ఒకచోటికి వచ్చునప్పటికి పోసినంత మట్టియు కోతకు సరిపోవును. అక్కడితో గట్టు పెరుగుట ఆగును. ఎవరును టేపుతో కొలవలేదు. "ఇక చాలు" అని ఏ మేస్త్రీయు చెప్పలేదు. చేర్పును, కోతయు సమానమైన చోటే దాని పొడవు.

ఆ తరువాతి పరిశోధనలలో ఈ వివరణమునకు కొంత సవరణ కలిగినది. కశాభము పొడవైనకొలది దాని లోనికి ప్రవేశించు సరకే తగ్గుచున్నదని తేలినది. ఆ తగ్గింపు నేది నడుపుచున్నదను విషయమై శాస్త్రజ్ఞులు నేటికిని వాదించుకొనుచున్నారు. కాని మూలసూత్రము మారలేదు. కొన్ని జన్యువులు చెడిన క్లామిడోమోనాసులలో ఈ తూకము తప్పి, కశాభములు రెండింతలవరకు పెరిగిపోవును. పొడవైనంతమాత్రమున వానికి లాభము లేదు. అవి సరిగా ఈదజాలవు.

ఇక సంఖ్య సంగతి. కశాభములు రెండే యేల? ఒక్కొక్క కశాభము మొదట, పందిరిగుంజవలె, సెంట్రియోల్ అను చిన్న గొట్టమువంటి నిర్మాణముండును. మన శరీరకణములందును ఇవి సామాన్యముగా రెండుండును. కణము రెండుగా చీలుటకు ముందు, ప్రతి పాత సెంట్రియోలు ప్రక్కను ఒక్క క్రొత్తది మాత్రమే పుట్టును. రెండు నాలుగగును, పిల్లకణమునకు రెండేసి చొప్పున పంపకమగును. ఇక్కడ తూకము చాలదు, లెక్క తప్పరాదు. ఈ పుట్టుకను నడుపునది పీ.ఎల్.కే.4 అను మాంసకృత్తు అని 2005వ సంవత్సరమున తెలిసినది. అది లేకున్నచో క్రొత్తది పుట్టదు. అది మితిమీరినచో ఒక తల్లి చుట్టును పూరేకులవలె అనేకములు పుట్టును. కావున అది ఎక్కువ కాకుండుటకు, తన్ను తాను నాశనమునకు గుర్తుపెట్టుకొను స్వభావము కూడ దానికి కలదు.

లెక్క తప్పినచో నేమగునో మొదట చూపినవారు జర్మనీదేశమున థియొడోర్ బొవేరీయు, ఆయన భార్య మార్సెల్లాయు. మార్సెల్లా ఓగ్రేడీ అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1885లో జీవశాస్త్రమున పట్టమందిన మొదటి స్త్రీ. కొంతకాలము ఉపాధ్యాయినిగా నుండి, 1896లో పరిశోధనకై జర్మనీకి వెళ్ళి, మరుసటి యేట ఆయనను పెండ్లాడినది. సముద్రమున ముండ్లబంతివలె నుండు ఒక ప్రాణి గ్రుడ్లపై ఆ దంపతులు ప్రయోగములు చేసిరి. గ్రుడ్డులోనికి ఒక పురుషకణము పోవలసియుండగా రెండు పోయినచో, ఈ కేంద్రములు ద్విగుణమై, కణము రెండుగా చీలక ఒక్కమారే మూడు నాలుగు ముక్కలగును. వంశసూత్రములు ఇష్టము వచ్చినట్లు పంపకమై, ఆ పిండములు చాలవరకు నశించును. పుట్టకురుపులు ఇట్టి తప్పు పంపకమునుండియే పుట్టునేమోయని ఊహించి బొవేరీ 1914లో ఒక గ్రంథము ప్రకటించెను. మరుసటి సంవత్సరము ఆయన మరణించెను. ఆ గ్రంథమును ఇంగ్లీషులోనికి మార్చి 1929లో ప్రకటించినది మార్సెల్లాయే. భర్త పని అందరికిని తెలిసినది. ఆమె పని కొందరికే తెలిసినది. అందుచేత ఈ పుటలో ఆ పేరు వ్రాయవలెనని నాకు తోచినది.

కణమునకు మూడవ పద్ధతి యొకటి కలదు. అది అవసరమునుబట్టి పెంచుట, అవసరము తీరగానే తగ్గించుట. కణమునకు శక్తినిచ్చు పొయ్యిలవంటివి మైటోకాండ్రియాలు. వీనికి రెండనియో నాలుగనియో లెక్క లేదు. 1967లో జాన్ హాలోజీ అను అమెరికా వైద్యుడు ఎలుకలను కొన్ని వారములపాటు దినదినము పరుగెత్తించి చూచెను. వాని కండరములలో మైటోకాండ్రియాల మాంసకృత్తు పెరిగి, ప్రాణవాయువును వినియోగించు శక్తి ఇంచుమించు రెండింతలైనది. పెండ్లి వచ్చినప్పుడు పెరటిలో గాడిపొయ్యిలు త్రవ్వించినట్లే. పెండ్లియైన పిదప ఆ గాడిపొయ్యిలను పూడ్చివేయుదుము గదా. కణమును అట్లే చేయును. పాతబడినవానిని, ఎక్కువైనవానిని ఒక సంచిలో చుట్టి, జీర్ణము చేసి, ఆ సరకును మరల వాడుకొనును. ఈ పని నడచు తీరును జపానుదేశీయుడైన యొషినోరి ఓసుమీ ఈస్టుకణములలో 1992లో కనిపెట్టి ప్రకటించెను. 2016లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

చెరువునీటి పురుగులతోను, ఎలుకలతోను మన కేమి పనియని ఎవరైన అడుగవచ్చును. ఆ కశాభమువంటి నిర్మాణములే మన శరీరమునను కలవు. ఊపిరిగొట్టమున దుమ్మును పైకి నెట్టునవి ఇవియే. స్త్రీ గర్భనాళమున అండము ముందునకు సాగుటకు తోడ్పడునవి ఇవియే. వీనిని శైలికలందురు. మన మూత్రపిండములలో మూత్రము పారు సన్నని నాళములందు కణమున కొక్కటి చొప్పున కదలని శైలిక యుండును. చాలకాలము దాని నెవరును లక్ష్యపెట్టలేదు. 2000వ సంవత్సరమున గ్రెగరీ పజూర్ మొదలగువారు క్లామిడోమోనాసు కశాభములో సరకు మోయు మూటలలోని యొక మాంసకృత్తును పరిశోధించుచు, దాని జన్యువునకు సరిపోలిన జన్యువు ఎలుకలందు కలదనియు, అది చెడిన ఎలుకల మూత్రపిండములు నీటితిత్తులతో నిండిపోవుననియు గుర్తించిరి. ఆ ఎలుకల మూత్రపిండములలో శైలికలు పొట్టివై యుండెను. చెరువునీటి పచ్చచుక్కకును, రోగియొక్క పడకకును ఆనాడు దారి కలిసినది.

మనుష్యులలో తరతరములుగా వచ్చు మూత్రపిండపు తిత్తులవ్యాధి అధికముగా రెండు జన్యువులలో ఏదో యొకటి చెడుటవలన కలుగును. వానిలో మొదటిది 1994లోను, రెండవది 1996లోను దొరకినవి. ఈ వ్యాధిలో శైలిక పొట్టిది కానక్కరలేదు. ఆ శైలికపై కావలియుండు మాంసకృత్తులు సరిగా పనిచేయవు. నాళపు కణములకు హద్దు తెలియజేయు వార్త అందదు. చిన్న చిన్న తిత్తులు ఏండ్లతరబడి పెరిగి మంచిభాగమును నొక్కివేయును. తలిదండ్రులలో ఒకరికి ఈ దోషమున్నచో ప్రతి బిడ్డకును అది వచ్చుటకును, రాకుండుటకును సమానముగా అవకాశము కలదు. కొడుకనియు కూతురనియు భేదము లేదు.

ఇప్పుడు మా యక్కగారి సంగతి. పండ్రెండేండ్ల క్రిందట మా బావగారికి ముప్పదియెనిమిదవ యేట రక్తపోటు, నడుమునొప్పి పట్టుకొన్నవి. మూత్రపిండములు చెడుచున్నవని తెలిసినపుడు అక్క అత్తగారు, "కోడలి చేతి ఉప్పు వాడిని తినివేసినది" అనిరి. అక్క ఎదురు పలుకలేదు. ఆ నాటినుండి ఊరగాయజాడీ మూత తీసినపుడెల్ల ఆమె చేయి వణకుట నేను చూచితిని. వ్యాధి ముదిరిన తరువాత వేరొక వైద్యుడు మా బావగారి తండ్రి ఎట్లు పోయెనని అడిగెను. ఆయన యేబదియేండ్లు నిండకుండనే ఒళ్ళు నీరుపట్టి పోయెను. వైద్యుడు ఒక కాగితముపై ఆ వంశవృక్షమును గీసి, ఇది పుట్టుకతో వచ్చిన దోషమనియు, రక్తపోటున్నవారు ఉప్పు తగ్గించుట మంచిదే గాని ఉప్పువలన ఈ తిత్తులు పుట్టవనియు చెప్పెను. అక్క ఆ కాగితమును చూచి చాలసేపు మాటాడలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట అత్తగారికి దానిని చూపెను. ఆ ముసలమ్మ వ్రేలితో తన భర్త పేరును తడవి, "నన్నును మా అత్తగారు ఇట్లే అనిరి" అని ఒక్కమాట అని లోపలికి పోయిరి.

రెండు తరముల స్త్రీలు తమ చేతివంటను శంకించుకొనుచు బ్రదికిరి. వారి చేతులలో తప్పేమియు లేదు. కంటికి కనబడని యొక కణమున, అంతకంటె చిన్నదైన యొక శైలికపై, పుట్టుకతోనే యొక లోపమున్నది. అంతియే.

అక్క కూతురునకు ఇప్పుడు ఇరువదియొకటవ యేడు. సంబంధములు వచ్చుచున్నవి. ఈ సంగతి దాచిపెట్టుడని కొందరు పెద్దలు సలహా చెప్పిరి. దాచుటవలన వ్యాధి దాగదు. ఈ వ్యాధి ఇంట నున్నవారు వైద్యుని సలహాపై కడుపునకు అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొనవచ్చును. ముందుగ తెలిసినచో రక్తపోటును అదుపులో నుంచుకొని మూత్రపిండములను చాలకాలము కాపాడుకొనుట కవకాశము కలదు. కొందరిలో తిత్తుల పెరుగుదలను నెమ్మదింపజేయు మందు కూడ ఇటీవల వచ్చినది. ఆ పిల్ల తానై తల్లిని వెంటబెట్టుకొని పోయి పరీక్ష చేయించుకొన్నది. ఫలితమేమని మీరు నన్ను అడుగవద్దు. అది ఆమె సొత్తు. అడిగిన వరుని తల్లికి మాత్రము ఆమెయే కూర్చుండి స్వయముగా చెప్పినది.

జాబు వ్రాసిన సోదరీ, నీ ప్రశ్నకు నా జవాబిది. కణమునకు సోల లేదు. పొడవు విషయమున చేర్పునకును తరుగునకును తూకము కలదు. లెక్క విషయమున తల్లి కొక్క బిడ్డ యను నియమము కలదు. తక్కినవానిలో అవసరమునకు పెంచుట, అవసరము తీరగానే తీసివేయుట కలదు. ఈ మూడింటిలో ఏది తప్పినను దేహమునకు కష్టమే. ఆ తప్పు పుట్టుకతో వచ్చినప్పుడు దానిని కోడలి చేతిలోను, కోడలి పాదములోను వెదకవలదని ఈ మాసమున మీ అందరితో మనవి చేయుచున్నాను. ఇట్టి వ్యాధి మీ యింట నున్నచో ఒక కాగితముపై మూడు తరముల పేర్లు వ్రాసి, ఎవరెవరు ఏ జబ్బుతో పోయిరో గుర్తుపెట్టి వైద్యునికి చూపుడు. మా యక్క ఆ కాగితమును ఇప్పటికిని దేవునిపెట్టెలో దాచుకొన్నది. ఈ సంవత్సరము ఆవకాయ కూడ తానే కలిపినది.

వచ్చు మాసమున పాలు పెరుగుగా తోడుకొనుట ఎట్లో చెప్పుకొందము. మీ ప్రశ్నలు వ్రాయుచుండుడు.